పురి ఎక్కితే పొట్టిదయ్యే కేబుల్: 3.5 సీసీ నైట్రో ఔట్‌బోర్డ్, 3 ఏళ్ల తర్వాత

రిమోట్‌తో నడిపే మోడల్ బోటు వెనక తగిలించే చిన్న ఇంజిన్ ఇది. పవర్ ఎంత, కార్బురేటర్ బోర్ ఎంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. 3 ఏళ్లలో దాదాపు 20 లీటర్ల ఫ్యూయల్ తాగించాక ఈ ఇంజిన్ మీద నాకున్న కోపం ఒక్కటే. ఇంజిన్ కింద నీటిలోకి దిగే కాలు (లెగ్) లోపల తిరుగుతూ ప్రొపెల్లర్‌ని (ప్రాప్‌ని) తిప్పే కేబుల్, అందులోనూ దాని పై కొస. ఆ కొస ఫ్లైవీల్ నట్‌లోకి ఎంత లోతు దిగిందో బిగించాక కంటికి కనిపించదు. ఇంజిన్ మిగలడం, పోవడం ఆ లోతు మీదే ఉంటుంది.

మొదటి ఏడాది ఎవరు అడిగినా ఈ కేబుల్ గురించే గొప్పగా చెప్పాను. గేర్లు లేవు, అరగడానికి పళ్లు లేవు, ఇంజిన్ లోపలే ఉండే ఇన్‌బోర్డ్ బోటులోలాగా ఇంజిన్‌నీ షాఫ్టునీ ఒక లైన్లోకి తేవాల్సిన పని లేదు. లెగ్ బిగిస్తే చాలు అన్నాను. ఇంజిన్‌తోపాటు వచ్చిన కేబుల్ ఉన్నన్నాళ్లు ఆ మాట నిజమే. రెండో కేబుల్ వేసుకునేటప్పుడు మాత్రం ఆ మాట నమ్మకండి.

నా ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) కిందికి చూస్తుంది, ఫ్లైవీల్ దాని కింద ఉంటుంది. ఫ్లైవీల్ నట్ మధ్యలో నలుపలకల గుంట. 3.3 మి.మీ. కేబుల్ పై కొసను కూడా నలుపలకలుగా చేసి ఆ గుంటలోకి వదులుగా జొనిపారు. అక్కడినుంచి కేబుల్ లెగ్‌లోకి దిగి, కింద దాదాపు 90 డిగ్రీలు వంగి, ప్రాప్ షాఫ్టుతో కలుస్తుంది. ప్రాప్ బోటును ముందుకు తోసే బలాన్ని (థ్రస్ట్‌ని), ప్రాప్‌ని పట్టి తిప్పే డ్రైవ్ డాగ్‌కీ షాఫ్టు తిరిగే బుష్‌కీ మధ్య ఉన్న థ్రస్ట్ వాషర్ మోస్తుంది. పై కొసను పట్టి ఉంచేదేమీ లేదు, గుంటలో తేలుతూ ఉంటుంది.

తాడు పేనినవాళ్లకి ఇది కొత్త కాదు: పురి ఎక్కించేకొద్దీ తాడు పొడవు తగ్గుతుంది. స్టీలు కేబుల్ కూడా అంతే. ఫుల్ థ్రాటిల్‌లో ప్రాప్ నీటిని కొరికినప్పుడు కేబుల్ 2 నుంచి 3 మి.మీ. పొట్టిదవుతుంది. కింది కొసను థ్రస్ట్ ముందుకే నొక్కి ఉంచుతుంది కాబట్టి తగ్గే పొడవంతా పై నుంచే తగ్గుతుంది. అంటే నలుపలకల కొస గుంటలోంచి ఆ మేర బయటికి జారుతుంది. అలాగని కేబుల్ మరీ పొడవైనా తప్పే. అప్పుడు కొస గుంట అడుగుకు తగిలి, ప్రాప్ తోపు మొత్తం వాషర్‌ని వదిలేసి క్రాంక్ మీద పడుతుంది. బేరింగులు దానికోసం పెట్టినవి కావు.

రెండో వానాకాలంలో పాత కేబుల్ వంపు దగ్గర పోగులు లేవడంతో కొత్తది తెప్పించి వేశాను. గుంట లోతు 14 మి.మీ. పాత కేబుల్ అందులోకి 12 మి.మీ. దిగేది. కొత్తది దిగింది 6 మి.మీ. మాత్రమే, ఈ సంగతి తెలిసింది అంతా అయిపోయాక. 4 ట్యాంకులు చక్కగా నడిచింది. ఐదో ట్యాంకులో మలుపు దాటి ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన చోట ఒక్కసారిగా కీచుమని అరుపు, బోటు ఉన్నచోటే కూలబడింది. ప్రాప్ నీటిలో ఉన్నంతసేపూ ఆ బరువే ఆర్‌పీఎంని అదుపులో పెడుతుంది. బరువు తెగిన క్షణంలో ఇంజిన్ ఎక్కడికో వెళ్లిపోతుంది, థ్రాటిల్ మూసేలోపే నష్టం జరిగిపోతుంది.

విప్పి చూస్తే కేబుల్ తెగలేదు. కొసన 3 మి.మీ. మేర నాలుగు అంచులూ గుండ్రంగా అరిగి, పోగులు నమిలిన వేపపుల్లలా విచ్చుకున్నాయి. నట్ గుంట మూతి కూడా వెడల్పైంది. పిస్టన్‌ని పైకి తెచ్చి ఆపి క్రాంక్‌ని అటూ ఇటూ కదిపితే సన్నగా టిక్కుమంది: కనెక్టింగ్ రాడ్ కింది బుష్ కోలగా సాగింది. రాడ్, నట్, కేబుల్ మూడూ మార్చాల్సి వచ్చింది. పిస్టన్, స్లీవ్ మిగిలాయి, అది అదృష్టమే. కేబుల్ పంపినవాళ్లని అడిగితే పార్ట్ నంబర్ సరిపోయిందనే జవాబు వచ్చింది. నంబర్ సరిపోయింది, పొడవు సరిపోలేదు.

అందుకని ఇప్పుడు ఏ కేబుల్ వేసినా ముందు మైనంతో కొలుస్తాను. లెగ్ విప్పి, చీపురు పుల్ల గుంటలో పెట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి. కొవ్వొత్తి మైనం మెత్తగా నలిపి కొంచెం గుంట అడుగున అద్దాలి. లెగ్ బిగించి, థ్రస్ట్ వాషర్‌తో సహా కేబుల్ వేసి, డ్రైవ్ డాగ్ వాషర్‌కి ఆనేదాకా ప్రాప్ షాఫ్టుని లోపలికి నొక్కాలి. కేబుల్ లాగేసి, లెగ్ విప్పి, అడుగున మిగిలిన మైనం మందం అగ్గిపుల్లతో చూడాలి. 1.5 నుంచి 2 మి.మీ. ఉంటే సరైన పొడవు. అంతకంటే ఎక్కువుంటే ఆ మేర కేబుల్ పొట్టి, దాన్ని పక్కన పెట్టాల్సిందే. డాగ్ వాషర్‌కి ఆనకముందే ఆగిపోతే కేబుల్ పొడవు ఎక్కువైనట్టు, కొస అరగదీయాలి. మైనం మొత్తం గోకి, నట్‌ని మిథనాల్‌తో తుడిచాకే మళ్లీ బిగించాలి. పావుగంట పని.

పురి ఏ వైపో కూడా చూడండి. కేబుల్ రెండు కొసలూ పట్టుకుని ఇంజిన్ తిప్పే దిక్కుకే మెలిపెడితే పై పొర పోగులు బిగుసుకోవాలి. విచ్చుకుంటే అది ఎదురు పురి కేబుల్, మొదటి ట్యాంకులోనే పంజరంలా ఉబ్బుతుంది.

మా విశాఖ గాజువాక ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లు ఉన్నారు కాబట్టి నట్ నా కొలతకే చేయించుకోగలిగాను. కేబుల్ కొస మాత్రం నేనే వెండి టంకం పెట్టి, ఆకురాయితో నలుపలకలుగా తీశాను. అందులో ఒక చిక్కుంది. టంకం కరిగాక పోగుల మధ్య కిందికి పాకుతుంది. అది పాకిన చోటల్లా కేబుల్ కడ్డీలా బిగుసుకుని, బిగువు ఆగిన గీత దగ్గరే పుటుక్కున తెగుతుంది. కొసకి 15 మి.మీ. కింద తడిగుడ్డ చుట్టి పట్టుకుంటే అక్కడితో ఆగుతుంది. ఫ్లక్స్‌ని వేడినీళ్లతో కడగకపోతే వారానికే ఎర్ర తుప్పు.

తుప్పు అంటే మన ఊళ్లో చెప్పక్కర్లేదు. ప్రాప్ షాఫ్ట్ బుష్‌లోంచి నీళ్లు లెగ్‌లోకి వస్తూనే ఉంటాయి. ప్రతి సెషన్ అయ్యాక కేబుల్ బయటికి లాగి, తుడిచి, నీటికి కరగని మెరైన్ గ్రీజు పట్టించాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గరి దుకాణాల్లో దొరికేదే వాడుతున్నా. తుడిచిన గుడ్డమీద గ్రీజు పాలలా తెల్లబడితే నీళ్లు వెళ్లాయని అర్థం. నల్లగా మెరుస్తూ వస్తే కేబుల్ తన చుట్టూ ఉన్న గొట్టాన్నో (లైనర్‌నో) బుష్‌నో తింటోంది. ఇంజిన్‌కీ ఇదే జాగ్రత్త. ట్యాంకు ఖాళీచేసి, మిగిలిన ఫ్యూయల్ కాలిపోయేదాకా నడిపి, ప్లగ్ రంధ్రంలో, కార్బురేటర్‌లో నూనె చుక్కలు వేసి చేత్తో తిప్పాలి. నైట్రో మిగులు, గాలిలో తేమ కలిస్తే వెనక బేరింగ్‌ని తినేస్తాయి.

ఇంజిన్ ఎత్తు సర్దుకునే బ్రాకెట్‌ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను, ఇప్పటికీ మంచిదే. నాది టన్నెల్ హల్, అంటే మధ్యలో గాలి దారి, రెండు పక్కలా తేలే దూలాల్లాంటి స్పాన్సన్లు ఉన్న బోటు. దానికి ప్రాప్ షాఫ్ట్ మధ్య గీత స్పాన్సన్ల అడుగుకి 14 మి.మీ. పైన మొదలుపెట్టి, 1 మి.మీ. రేకులు వేసుకుంటూ లేపాను. లేపేకొద్దీ స్పీడు పెరుగుతుంది. మలుపులో ప్రాప్ గాలి మింగి ఇంజిన్ అరిచిందంటే ఒక రేకు వెనక్కి తీయడమే. అయితే ఇంజిన్ బిగించే వెనక పలక (ట్రాన్సమ్) ఉట్టి ప్లైవుడ్ అయితే బోల్టుల కింద చెక్క నలిగి, ఏడాదిలో ఎత్తు దానంతటదే దిగిపోతుంది. లోపలా బయటా 2 మి.మీ. అల్యూమినియం పట్టీలు వేశాకే కొలత నిలిచింది.

ప్రాప్ ఆక్టూరా ఎక్స్440, అంటే వ్యాసం 40 మి.మీ., పిచ్ (ఒక చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం) దానికి 1.4 రెట్లు. పదును పెట్టకుండా వస్తుంది. అది బెరీలియం కాపర్, ఆ పొడి ఊపిరితిత్తులకి విషం. నీళ్లలో తడిపే రుద్దండి, పొడిగా వద్దు.

ఫ్యూయల్‌లో నైట్రో (నైట్రోమీథేన్) 20 శాతం, నూనె 18 శాతం, మిగతాది మిథనాల్. మిథనాల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి చిన్న సీసాల్లో, మూత బిగించి ఉంచాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి గాలి వేడి, తేమ వల్ల పలచబడి, జనవరిలో కుదిరిన నీడిల్ (ఫ్యూయల్ సర్దే సూది) సెట్టింగ్ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి ఫ్యూయల్ వెళ్తుంది. పొగ, ఊపు చూసుకుంటూ ఒక్కో క్లిక్ మూయాలి. ఎండ కదా అని నీడిల్ తెరిచేవాళ్లని చాలామందిని చూశాను, ఇంజిన్ మరింత గొణుగుతుంది.

కూలింగ్ నీరు తీసుకునే రంధ్రం లెగ్‌లోనే ఉంది, చిన్నది. నాచు ఉన్న చెరువైతే ప్రతి ట్యాంకుకీ ముందు బయటి గొట్టంలోంచి సిరంజితో నీళ్లు వెనక్కి తోసి చూడాలి. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ రెండూ ఊరికి తాగునీరిచ్చేవి, నూనె చిమ్మే ఇంజిన్‌ని అక్కడికి తీసుకెళ్లకండి. కొండకర్ల ఆవ పక్షులది. నేను నడిపేది ఆనందపురం వైపు ఒక రైతు చెరువులో, ఆయన అనుమతితో. పశువులు తాగే వేళ కాకుండా చూసుకుని దిగుతాను.

కొనమంటారా అంటే, ఒక్క మాటలో చెప్పలేను. నాకు మంచినీటి చెరువు ఉంది, లేత్ పనివాళ్లు ఉన్నారు, నడిపిన ప్రతిసారీ కేబుల్ తుడిచే అరగంట ఉంది. అందుకే ఉంచుకున్నాను. బీచ్ పక్కన ఉప్పునీటిలోనే నడపాల్సినవాళ్లకి, ఇంటికొచ్చి బోటు మూల పెట్టేవాళ్లకి ఎలక్ట్రిక్ మంచిది. ఉన్నవాళ్లు మాత్రం ట్రాన్స్‌మిటర్‌లో ఇంజిన్ ఆపే స్విచ్‌ని బొటనవేలికి అందేచోట పెట్టుకోండి. సిగ్నల్ పోతే ఫెయిల్‌సేఫ్ ఆపుతుంది, కేబుల్ జారితే దానికి తెలియదు. ఇప్పుడున్న కేబుల్ 31 ట్యాంకులు నడిచింది. మొన్న లాగి చూస్తే కొస నాలుగు అంచులూ పదునుగానే ఉన్నాయి, వంపు దగ్గర మాత్రం కొద్దిగా మెరుపు మొదలైంది. 40 దాకా ఆగకుండా మార్చేస్తాను.