యమహా ఎండ్యూరో 40: చేతిపిడి మోటారుకు అంత బలం ఎప్పుడు అవసరం, ఎప్పుడు దండగ

యమహా ఎండ్యూరో ఈ40ఎక్స్ 40 హార్స్‌పవర్, రెండు సిలిండర్ల, 703 సీసీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక పలకకు బయట తగిలించేది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి, తాడు లాగి స్టార్ట్ చేయాలి, అమరంలో, అంటే బోటు వెనక కొసన, కూర్చుని చేతిపిడితో నడపాలి. పొగ నిబంధనల వల్ల అమెరికా, యూరప్‌లలో ఇలాంటి కార్బ్యురేటర్ టూ స్ట్రోక్‌లు కొత్తవి అమ్మరు. ఘానా, సెనెగల్ తీరాల్లో మాత్రం పెద్ద చెక్క పడవల వెనక ఈ తరగతి 40లే ఎక్కువ. ఘానాలో చేపల పడవల కోసమే ఆయిల్ కలిపిన పెట్రోలును ప్రభుత్వం రాయితీ మీద అమ్మిస్తుంది. అంత మొరటు వాడకానికి తట్టుకున్న మోటారు మన ఇసుక తీరంలోనూ తట్టుకుంటుంది. అయితే ప్రతి బోటుకూ ఇది సరిపోదు. కొనేముందు చూడాల్సింది మోటారును కాదు, బోటును.

10 హార్స్‌పవర్ తీసేసి 40 పెడితే వేగం నాలుగింతలు అవుతుందని చాలామంది ఆశ. అలా జరగదు. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన బోటుకు దాని పొడవే హద్దు గీస్తుంది. నీటి దగ్గర 8 మీటర్ల పొడవున్న బోటు 7 నాట్ల (గంటకు సుమారు 13 కిలోమీటర్ల) దగ్గరకు వచ్చేసరికి తాను లేపిన అలను తానే ఎక్కలేక ఆగిపోతుంది. ఆపైన ఎంత యాక్సిలేటర్ ఇచ్చినా అణియం (ముందు కొస) పైకి లేస్తుంది, అమరం కూరుకుపోతుంది, పెట్రోలు కాలిపోతుంది. 40 పూర్తిగా అక్కరకు రావాలంటే బోటు నీటి మీదికి లేచి జారాలి. దానికి అడుగు వెనక భాగంలో చదునుగా ఉండాలి, బరువు తక్కువ ఉండాలి. సుమారు 25 కిలోలకు 1 హార్స్‌పవర్ అన్న లెక్కన 40కి మొత్తం 1000 కిలోలు. ఈ 1000లో బోటు, మోటారు, పెట్రోలు, వల, ఐసు, మనుషులు అందరూ రావాలి. ఖాళీ బోటుతో జారి, వల, ఐసు ఎక్కాక జారకపోతే ఆ బోటుకు 40 దండగే. గుండ్రటి అడుగున్న బరువైన పడవకు చిన్న మోటారు, పెద్ద వ్యాసం ఉన్న ఫ్యాను (ప్రొపెల్లర్) చాలు.

అమరం పలక తర్వాతి సంగతి. మోటారు 70 కిలోలు దాటుతుంది. పూర్తి వేగంలో అది నెట్టే బలమంతా ఆ పలక మీదే పడుతుంది. ఫైబర్ బోట్లలో లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి ఉప్పునీరు దిగి అది లోలోపల నాని మెత్తబడుతుంది, పైకి రంగు బాగానే ఉంటుంది. చెక్క సుత్తితో తట్టి చూడండి. గట్టి చోట టక్‌మని మోగుతుంది, నానిన చోట మొద్దుగా పలుకుతుంది. నానినదానికి 40 తగిలించవద్దు. చేతితో తిప్పే బిగింపు మరలు ఒక్కటే ఈ సైజుకు చాలవు, స్టెయిన్‌లెస్ బోల్టులు దింపాలి, రంధ్రాల నిండా మెరైన్ సీలెంట్ పట్టించాలి.

ఎత్తు కూడా అప్పుడే సరిచూసుకోవాలి. మోటారు కాలు పొట్టిదైతే (షార్ట్ షాఫ్టు) పలక ఎత్తు 15 అంగుళాలు, పొడుగుదైతే (లాంగ్ షాఫ్టు) 20. ఫ్యానుకు పైనుండే అడ్డ రేకు బోటు అడుగుతో సమంగా గాని, 25 మిల్లీమీటర్ల దాకా కిందికి గాని ఉండాలి. పైకుంటే మలుపులో, అలల్లో ఫ్యాను గాలి మింగి ఇంజను గుయ్యిమంటుంది, బోటు కదలదు. మరీ కిందికుంటే వేగం పోతుంది, పిడి బరువెక్కుతుంది.

పిడి లాగుతోందన్న ఫిర్యాదు ఈ తరగతి మోటార్లన్నిటి మీదా వినిపిస్తుంది. ఎక్కువసార్లు తప్పు మోటారుది కాదు, అమర్చినవాళ్లది. కుడివైపు తిరిగే ఫ్యాను వల్ల బోటు సాధారణంగా కుడికి లాగుతుంది. దాన్ని సరిచేయడానికే అడ్డ రేకు కింద, ఫ్యాను వెనక చిన్న తోక రేకు ఉంటుంది. దాని బోల్టు వదులు చేసి, బోటు ఎటు లాగుతుంటే తోక వెనక కొసను అటే కొద్దిగా తిప్పి బిగించాలి. కుడికి లాగితే కుడికి. ఒకేసారి ఎక్కువ తిప్పకుండా, ఒక్కో గీత జరిపి నీళ్లలో నడిపి చూడాలి. రోజూ నడిపే వేగంలో, రోజూ ఉండే బరువుతో చూస్తేనే సరిపోతుంది. కాలు కోణం మార్చే పిన్నును మరీ లోపలి రంధ్రంలో పెడితే అణియం నీళ్లలోకి దిగి పిడి మళ్లీ మొండికేస్తుంది. ఇవన్నీ అయ్యాకే పిడి బిగువు మరను ముట్టుకోవాలి. లాగుడును బిగువుతో అణచడం ప్రమాదం, ఎందుకంటే అల కొట్టినప్పుడు పిడి చేతికి వెంటనే లొంగదు.

ఎర్ర తాడు గురించి గట్టిగానే చెప్పాలి. స్టాప్ స్విచ్‌కు తగిలించే ఆ చుట్టల తాడును మణికట్టుకు గాని, లైఫ్ జాకెట్‌కు గాని కట్టుకోకుండా 40 నడపకూడదు. పూర్తి వేగంలో చేతిలోంచి పిడి జారితే మోటారు తనంతట తాను ఒక పక్కకు తిరిగిపోతుంది, బోటు గిర్రున మలుపు కొడుతుంది, అమరంలోని మనిషి నీళ్లలో పడతాడు. బోటు అదే చక్రంలో తిరుగుతూ ఫ్యానుతో సహా అతని మీదికే వస్తుంది. తాడు వలకు అడ్డమని స్విచ్‌కు శాశ్వతంగా క్లిప్పు పెట్టి వదిలేయడం కొందరికి అలవాటు. ఒంటరిగా వేటకు వెళ్లేవాళ్లకు అది ప్రాణం మీదికి తెచ్చే పని.

ఇక పెట్రోలు. పూర్తి వేగం 4500 నుంచి 5500 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య. 5500 దగ్గర గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది, అంటే మోటారుతో వచ్చే 24 లీటర్ల ట్యాంకు గంటంబావు కూడా రాదు. 4500కి తగ్గిస్తే ఫ్యాను మీద పడే పని దాదాపు సగానికి వస్తుంది, వేగం మాత్రం సగం కాదు. పొద్దున వలలకు పరుగెత్తేటప్పుడు కాకపోయినా, తిరుగు ప్రయాణంలో ఈ తేడా ఇంటి ఖర్చులో కనిపిస్తుంది. కొత్తలో మొదటి 10 గంటలు లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్, ఆ తర్వాత లీటరుకు 20. నిండు ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. ఆయిల్ మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండాలి, అది నీటితో చల్లబడే టూ స్ట్రోక్‌ల ఆయిల్ గుర్తు. బైకుల టూ టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజను కోసం చేసింది, దీనిలో పోస్తే బూడిద పేరుకుంటుంది. మొదటి గంట సగం యాక్సిలేటర్, రెండో గంట ముప్పావు, మిగతా ఎనిమిది గంటల్లో పూర్తి వేగం ఒక్కోసారి 5 నిమిషాలకు మించకూడదు.

మన దేశంలో ఈ మోటారుకు అసలైన శత్రువు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చాలామంది అవుట్‌బోర్డ్ తయారీదారులు 10 శాతం వరకే ఒప్పుకుంటారు. ఇథనాల్ సముద్రపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. పైపు పీల్చేది అడుగు నుంచే. అంటే ఆ నిమిషం నుంచి ఇంజనుకు ఆయిల్ చుక్క కూడా అందదు, పిస్టన్ సిలిండరుకు పట్టేస్తుంది. పైపెచ్చు ఈ పెట్రోలుతో మిశ్రమం పలచబడి ఇంజను మామూలు కన్నా వేడెక్కుతుంది. చేయగలిగింది ఇది: కలిపిన పెట్రోలు వారం పది రోజులకు మించి ఉంచకండి, ట్యాంకు సగం ఖాళీగా వదిలేయకండి, లైన్లో నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టండి. నెలకోసారి ట్యాంకు అడుగు పెట్రోలు గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచి చూడండి. కింద గీత కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే. పాత రబ్బరు పైపు, పెట్రోలు ఎక్కించడానికి పిసికే చేతిపంపు బంతి ముట్టుకుంటే జిగురుగా తగిలితే మార్చేయండి.

మధ్యలో ఆగిపోయే మోటార్లలో చాలావాటికి కారణం ఇంకా చిన్నది. ట్యాంకు మూత మీది గాలి మర రెండు మూడు చుట్లు తెరిచి ఉండాలి. మూసి ఉంటే పది నిమిషాలు బాగానే నడిచి నీరసపడుతుంది. చేతిపంపు బంతి చప్పబడి ఉంటే అదే సంగతి.

స్టార్టింగ్ విషయంలో దీనికి మంచి మార్కులు. బంతిని గట్టిపడేదాకా పిసికి, చోక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి లాగితే చల్లటి ఇంజను మూడు నాలుగు లాగులకు అందుకోవాలి. గేరులో ఉంటే తాడు రాదు, బలవంతం చేయకండి. వేడి మీద చోక్ వాడితే ప్లగ్గులు తడిసిపోతాయి. ప్లగ్గు నంబరులో చివర 10 అని ఉంటే గ్యాపు 1 మిల్లీమీటరు. 21 సైజు ప్లగ్ పానా, రెండు కొత్త ప్లగ్గులు, అదనపు తాడు ఒక ప్లాస్టిక్ డబ్బాలో బోటులోనే ఉండాలి.

ఈ మోటారు మీద ఇష్టం కలిగేది దాన్ని విప్పినప్పుడు. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. కార్బ్యురేటర్, పంపు, ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ పంపే సీడీఐ పెట్టె. ఒడ్డున టార్పాలిన్ పరిచి మామూలు పానాలతో సగానికి పైగా పనులు చేసుకోవచ్చు. అందులో అన్నిటికన్నా ఎక్కువసార్లు చేయాల్సింది ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) పని. అలల్లోంచి దింపి, ఎక్కించే తీరంలో మోటారు ఇసుకనీరు తాగుతుంది. ఇసుక రబ్బరు రెక్కలనే కాదు, కింది స్టీలు రేకును, పైనున్న కప్పును కూడా గీస్తుంది. రేకు మీద గోరు పెట్టి లాగితే గాడి తగిలితే ఇంపెల్లర్ ఒక్కటే మార్చి లాభం లేదు. షాఫ్టు మీద చిన్న తాళపు ముక్క ఉంటుంది, పాతది తీసేటప్పుడు ఇసుకలో పడితే దొరకదు, కింద గుడ్డ పరుచుకోండి. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్టును గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పుతూ కప్పులోకి దించాలి. ఏడాదికోసారి మార్చమనేది మంచినీళ్ల లెక్క, ఇసుక తీరంలో ఆరు నెలలకు విప్పి చూడాలి. వెనక సన్నగా వచ్చే నీటిధార రోజూ కంటితో చూడాల్సిన మీటరు. ధార బలహీనపడితే ముందు ఆ రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడండి, చాలాసార్లు ఉప్పు గడ్డకట్టి ఉంటుంది.

వేట నుంచి వచ్చాక మంచినీటి డ్రమ్ములో, అడ్డ రేకు మునిగేంత నీళ్లలో, గేరు వేయకుండా నిదానం మీద 10 నిమిషాలు తిప్పాలి. దీన్ని వాయిదా వేసే మోటార్లే లోపల ఉప్పు పట్టి వేడెక్కుతాయి.

వల దారం ఇంకో శత్రువు. నైలాను దారం ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని కరిగి సీలును కోస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు దిగినట్టే. పది రోజులకోసారి కాటర్ పిన్ను తీసి ఫ్యాను విప్పి దారం కోసేయండి, గ్రీజు రాసి మళ్లీ ఎక్కించండి. గేర్ ఆయిల్ 90 హైపాయిడ్. కింది రంధ్రంలోంచి ఎక్కిస్తే పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా కారేదాకా పోయాలి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. ఇంజను చప్పుడు పెరిగి బోటు మాత్రం నెమ్మదిస్తే ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారుతోంది. నిండు బరువుతో 4500 కూడా అందుకోకపోతే ఫ్యాను పిచ్ (ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం) ఎక్కువైంది. ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

బోటు తిరగబడి మోటారు మునిగితే తీసిన వెంటనే ఆరబెట్టకండి. గాలి తగలగానే తుప్పు మొదలవుతుంది. మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, తల కిందికి వంచి తాడు నెమ్మదిగా లాగి నీళ్లు పోనివ్వాలి. తర్వాత సిలిండర్లలో ఆయిల్ పోసి, రెండు మూడు గంటల్లోపు స్టార్ట్ చేయాలి. నడుస్తూ మునిగి, తాడు బిగుసుకుని ఉంటే మాత్రం లాగొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు.

యమహాదే ఫోర్ స్ట్రోక్ ఎఫ్40 పెట్రోలు దాదాపు మూడో వంతు తక్కువ తాగుతుంది, చప్పుడు తక్కువ, ఆయిల్ కలిపే పనీ లేదు. కానీ బరువు దాదాపు 100 కిలోలు, ఇంజెక్షన్ వ్యవస్థకు డయాగ్నస్టిక్ పరికరం ఉన్న మెకానిక్ కావాలి. రోజూ గంటల తరబడి నడిపి, పట్నం దగ్గరున్నవాళ్లకు అదే మేలు. రోజుకు గంటా రెండు గంటలు నడిపే, సర్వీసు సెంటరుకు దూరంగా ఉన్న ఊళ్లకు ఎండ్యూరో. కిరోసిన్ మోడళ్లు పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌కు మారతాయి. ఆపేముందు మళ్లీ పెట్రోలుకు తిప్పాలి, ప్లగ్గుల మసి తరచూ తుడవాలి. కిరోసిన్ సరఫరా ఖాయంగా ఉన్నచోటే వాటి జోలికి వెళ్లాలి. అమెరికాలో మిన్నెసోటా సరస్సుల వాళ్లు మెర్క్యురీ 115ను కూడా చేతిపిడితో నడుపుతారు. దానికి పవర్ స్టీరింగ్ సాయం పెట్టుకోవచ్చు, బరువు 163 కిలోలు. అలల్లోకి భుజాలతో నెట్టే బోటుకు అది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, 61 రోజులు. ఆ కాలంలో పాడయ్యే మోటార్లు తక్కువేం కాదు. లైను పీకి ఇంజను ఆగేదాకా నడిపించే పద్ధతి దీనికి వద్దు, చివరి క్షణాల్లో పెట్రోలుతో పాటు ఆయిలూ కరువవుతుంది. కార్బ్యురేటర్ గిన్నె కింది మర విప్పి పెట్రోలు దించేయండి, ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు ఆయిల్ పోసి తాడు నాలుగుసార్లు నెమ్మదిగా లాగండి. పాత గేర్ ఆయిల్ దించి కొత్తది నింపండి. మోటారుకు బదులు తాను తుప్పుకు అరిగే జింకు ముక్క సగం అరిగితే మార్చండి, దాని మీద రంగు వేయకండి. మోటారును నిలువుగా నిలబెట్టండి, పడుకోబెడితే కాలులో మిగిలిన నీళ్లు సిలిండర్లలోకి చేరతాయి. మళ్లీ డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేసి చూడటం జూన్ 14 సాయంత్రం దాకా ఆపకుండా 5వ తేదీకే చేస్తే, ఏదైనా పార్టు కావాల్సి వచ్చినా తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది.