గోడ పగుళ్లు వెతికి చేసిన గోమార్ల నివారణ: ఎండాడలో ఒక సేవపై నా అభిప్రాయం

విశాఖపట్నంలోని ఎండాడ పరిసరాల్లో ఇళ్లకు వచ్చి, కుక్కల రక్తం తాగే పురుగులైన గోమార్లను అరికట్టే ఈ సంస్థ సేవను మేము వర్షాకాలం చివర వినియోగించుకున్నాము. పెంపుడు కుక్కలున్నవారికి, ముఖ్యంగా మట్టి పెరడూ పాత ప్రహరీ ఉన్న ఇళ్లవారికి, దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వీరు సరిదిద్దుకోవలసిన విషయాలు రెండున్నాయి, వాటినీ రాస్తున్నాను.

మందు కంటే, మందు కొట్టే ముందు వారు చేసిన పరిశీలనే నాకు విలువైనదిగా తోచింది. సాధారణంగా పురుగుమందు కొట్టేవారు వస్తూనే పంపు భుజానికి తగిలించుకుని, పచ్చిక మీదా మొక్కల మీదా తడిసేలా పిచికారీ చేసి వెళ్లిపోతారు. వీరి మనిషి పంపును గేటు దగ్గరే ఉంచి, టార్చిలైటూ సన్నటి ఇనుప రేకూ పట్టుకుని ప్రహరీ వెంట నెమ్మదిగా నడిచాడు. కరెంటు మీటరు పెట్టె కింద సిమెంటు పగిలిన చోట ఆ రేకుతో గీకగానే, పెచ్చుతో పాటు ఆముదపు గింజంత లావున ఉబ్బి బూడిద రంగుకు తిరిగిన ఆడ గోమారి ఒకటి, దాని పక్కనే గోధుమ రంగు గుడ్ల ముద్ద బయటపడ్డాయి. "గడ్డిలో కాదమ్మా, కుక్క పడుకునే చోటికి దగ్గరున్న గోడలో వెతకాలండి" అని ఆయన మా అత్తగారికి చూపించాడు.

ఆయన చెప్పినది నిజం. మన ఊరి ఇళ్లలో కుక్కలను పట్టి పీడించేది ప్రధానంగా గోధుమ రంగు కుక్క గోమారి. ఇది గుడ్డు నుంచి ఆరు కాళ్ల పిల్లగా, తరువాత ఎనిమిది కాళ్ల మధ్య దశగా, ఆపైన పెద్ద పురుగుగా మారుతుంది. ప్రతి దశలోనూ కొన్ని రోజుల పాటు రక్తం తాగి, కిందికి రాలి, ఏదో ఒక సందులో దాగి తరువాతి దశకు చేరుకుంటుంది. అంటే దాని జీవితంలో అధిక భాగం కుక్క ఒంటి మీద కాక గోడల్లో, గచ్చు నెర్రెల్లో, తలుపు చట్రాల వెనుక గడుస్తుంది. కడుపునిండా రక్తం తాగిన ఆడ గోమారి వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. పెద్ద గోమారి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. కుక్కను ఎంత శుభ్రంగా స్నానం చేయించినా వారం తిరిగేసరికి మళ్లీ గోమార్లు కనిపించడానికి కారణం ఇదే.

అందువల్ల కుక్కకూ ఇంటికీ ఒకే కాలంలో చికిత్స జరగాలని వీరు ముందుగానే షరతు పెట్టారు. కుక్కకు మందు తామే ఇస్తామని అనకుండా, పశువైద్యుడి దగ్గరకు వెళ్లి దాని బరువుకు తగిన మాత్ర వేయించమన్నారు. ఇది నాకు ఎంతో నచ్చింది. నెల రోజులు పనిచేసే మాత్రలూ, సుమారు పన్నెండు వారాలు పనిచేసేవీ ఉన్నాయి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కలకు వాటిని వాడే ముందు వైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఇంటికి వారు వాడినది డెల్టామెత్రిన్. అది చేపలకు ప్రమాదకరం కాబట్టి మా తామర తొట్టిని ముందే కప్పించారు. ఇంట్లో పిల్లి ఉందా అని కూడా అడిగారు. కొందరు వాడే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లుల ప్రాణం తీయగలదని తెలిసినవారికి ఆ ప్రశ్న విలువ అర్థమవుతుంది. మందును పగుళ్లలోకీ, మెట్ల కిందికీ, కుక్క గూడు చుట్టూ మాత్రమే పట్టించి, పూర్తిగా ఆరే వరకు పిల్లలనూ కుక్కనూ లోపలే ఉంచమన్నారు. గుడ్ల మీద ఈ మందు సరిగా పనిచేయదు కనుక, అవి పొదిగాక మళ్లీ కొట్టడానికి రెండు వారాల తరువాత రెండవసారి వచ్చారు. పగుళ్లను సిమెంటుతో పూడ్పించడం, పాత కుండీలూ కర్రలూ గోడకు ఆనించకుండా తీసివేయడం మాత్రం మా పనే. ఆ మాట వారు మొహమాటం లేకుండా చెప్పారు. ధర కాస్త ఎక్కువే అయినా, రెండవ రాక అందులోనే కలిసి ఉంది.

ఇక లోపాల సంగతి. వీరు పంచే కరపత్రంలో గోమార్లను తొలగిస్తే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రాదని ఉంది. ఇది తప్పు, పైగా ప్రమాదకరమైన తప్పు. స్క్రబ్ టైఫస్‌ను మనుషులకు అంటించేవి గోమార్లు కావు, పొదల్లోనూ ఎత్తైన గడ్డిలోనూ ఉండే, కంటికి ఆనీ ఆనని మైట్లు అనే పురుగుల పిల్లలు. కంబాలకొండ అడవి అంచున, పొదలను ఆనుకుని ఉన్న మా వంటి ఇళ్లలో ఆ జ్వరానికి జాగ్రత్త వేరు: గడ్డి పెరగనివ్వకూడదు, పొదల్లో పనిచేసేటప్పుడు ఒళ్లంతా కప్పుకోవాలి, జ్వరంతో పాటు ఒంటి మీద నల్లటి పెచ్చు కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందుతో నయమయ్యే ఈ జ్వరాన్ని, గోమార్లకు మందు కొట్టించాం కదా అన్న భరోసాతో ఎవరూ నిర్లక్ష్యం చేయకూడదు. ఆ వాక్యాన్ని తొలగించమని సంస్థవారిని కోరాను.

రెండవ లోపం బిల్లుది. అందులో "పురుగుమందు" అని తప్ప మందు పేరు లేదు. అడిగిన తరువాతే పేరు, నీటిలో కలిపిన పాళ్లు రాసి ఇచ్చారు. వీరిని పిలిచేవారు ఆ రెండూ రాయించుకున్నాకే డబ్బు చెల్లించండి. కుక్క ఆ తరువాత నీరసించినా, చొంగ కార్చినా, పశువైద్యుడు మొదట అడిగేది ఆ కాగితమే.