నమాట్జిరా వారసత్వం: కొండలు గీసేవాళ్లది మేలా, విన్సెంట్‌ది మేలా?

2020 సెప్టెంబర్ 25న సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ ఆ ఏటి బహుమతులు ప్రకటించింది. పోర్ట్రెయిట్‌కి ఇచ్చే ఆర్చిబాల్డ్ ప్రైజ్ విన్సెంట్ నమాట్జిరాకి దక్కింది. 1921లో మొదలైన ఆ బహుమతి ఆదివాసీ చిత్రకారుడికి రావడం అదే మొదటిసారి. ప్రకృతి దృశ్యానికిచ్చే విన్ ప్రైజ్ హ్యూబర్ట్ పరెరూల్జాకి వచ్చింది. విన్సెంట్ బొమ్మలో ఇద్దరు మగవాళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటారు. హ్యూబర్ట్ గీసింది మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి పడమరగా ఉన్న మెక్‌డానెల్ కొండల్ని. పక్కపక్కన పెడితే పొంతనే కనిపించదు. కానీ రెండు దారులూ బయల్దేరింది ఆల్బర్ట్ నమాట్జిరా అనే ఒక్క ఆదివాసీ చిత్రకారుడి దగ్గర్నుంచే.

ఆల్బర్ట్ 1902లో మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ క్రైస్తవ మిషన్‌లో పుట్టాడు. పశ్చిమ అరండ తెగవాడు. 1936లో రెక్స్ బ్యాటర్బీ అనే తెల్ల చిత్రకారుడు ఒంటెల మీద ఎడారి తిరుగుతూ బొమ్మలు వేసుకుంటుంటే, ఆల్బర్ట్ ఒంటెలు తోలిపెట్టి, బదులుగా నీటిరంగులు నేర్చుకున్నాడు. రెండేళ్లకే మెల్‌బోర్న్‌లో సొంత ప్రదర్శన పెడితే బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. 1950ల్లో ఆయన కొండల ప్రింట్లు లేని ఆస్ట్రేలియా డ్రాయింగ్ రూమ్ తక్కువ. అంత పేరున్నవాడికీ ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకలేదు. 1957లో, అప్పటికి చాలామంది ఆదివాసీలకి లేని పౌరసత్వ హక్కులిచ్చారు, మరుసటి ఏడాది బంధువుకి మద్యం ఇచ్చాడని శిక్ష వేశారు. ఆ హక్కులు లేని ఆదివాసీలకి మద్యం ఇవ్వడం అప్పట్లో నేరం. 1959లో పోయాడు.

ముందు కొండలు గీసేవాళ్ల సంగతి. పరెరూల్జా అన్నదమ్ములు ఆల్బర్ట్ కాలంలోనే ఆయనతో పాటు కుంచె పట్టారు, హ్యూబర్ట్ ఆ కుటుంబం వాడే. మెర్విన్ రుబుంట్జా, ఐవీ పరెరూల్జా, గ్లోరియా పన్కా లాంటివాళ్లు ఆలిస్ స్ప్రింగ్స్‌లోని ఇల్జా న్జారా ఆర్ట్ సెంటర్‌లో పని చేస్తూ వచ్చారు. వీళ్లది నీటిరంగుల చెయ్యి. వినడానికి తేలికైన పనిలా ఉంటుంది గానీ, ఎడారిలో అది పరీక్షే. పొడి గాలికి రంగు కాగితం మీద పరుచుకునేలోపే ఆరిపోతుంది. దిద్దుకుందామంటే కుదరదు, చెరిపితే మరక మిగులుతుంది. దూరపు కొండకి పల్చటి ఊదా, దగ్గర రాతికి ఎరుపు, ఒకదాని మీద ఒకటి ఆరనిచ్చి వేసుకోవాలి. ముందువైపు నిలబడే ఘోస్ట్ గమ్ చెట్టు, అంటే పాల తెలుపు కాండం ఉన్న యూకలిప్టస్, చాలాసార్లు అసలు వేసిందే కాదు. చుట్టూ రంగు వేసి కాగితాన్ని తెల్లగా వదిలేస్తే చెట్టవుతుంది. దేన్ని వదిలెయ్యాలో ముందే తెలిసుండాలి. పుస్తకంలో చదివితే రాని విద్య ఇది, పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నది.

పైగా వాళ్లు గీసేది ఏదో ఒక కొండని కాదు, తమ కుటుంబానికి బాధ్యత ఉన్న చోటుని. ఆల్బర్ట్ బతికున్నప్పుడే కొందరు విమర్శకులు ఆయన్ని యూరోపియన్ పద్ధతిని కాపీ కొట్టాడని తీసిపారేశారు. పద్ధతి అరువుదే, కాదనలేం. చోటు మాత్రం అరువుది కాదు. మెర్విన్ తండ్రి వెంటెన్ రుబుంట్జా భూమి హక్కుల ఉద్యమ నాయకుడు. ఆయన నీటిరంగుల్లోనూ గీశాడు, 1970ల్లో పాపున్యా అనే ఎడారి ఊరి నుంచి వ్యాపించిన, చుక్కలతో బొమ్మ వేసే పద్ధతిలోనూ గీశాడు. ఏది అసలైన ఆదివాసీ కళ అన్న తగువు ఆయన దగ్గర నిలవదు.

ఈ దారికి లోపం లేకపోలేదు. అన్ని బొమ్మలూ ఒక స్థాయిలో ఉండవు. టూరిస్టు కోసం తొందరగా వేసినవి చూడగానే తెలిసిపోతాయి. అదే చెట్టు, అదే కొండ, అదే మధ్యాహ్నం. కథ తెలియనివాడికి మంచి బొమ్మ కూడా క్యాలెండర్ బొమ్మలాగే కనిపిస్తుంది, అది పెద్ద చిక్కు.

ఆ చిక్కుని విన్సెంట్ ఒక్క దెబ్బతో తేల్చేశాడు. ఆయన ఆల్బర్ట్ ముని మనవడు. 1983లో పుట్టాడు. తల్లి చనిపోయాక చిన్నతనంలోనే పెర్త్‌లో వేరేవాళ్ల ఇంట పెరిగి, పెద్దయ్యాకే తనవాళ్ల దగ్గరికి తిరిగొచ్చాడు. పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశమే ఆయనకి లేదు. అందుకే కాబోలు, కొండని వెనక్కి నెట్టి మనిషిని ముందుకి తెచ్చాడు. అక్రిలిక్ రంగులు, వంకర ముఖాలు, దాపరికం లేని వెటకారం. ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని బ్రిటన్‌దని ప్రకటించిన కెప్టెన్ కుక్‌ని గీస్తాడు, కింగ్ చార్లెస్‌ని కొలువు దుస్తుల్లో తెచ్చి ఎర్ర ఎడారిలో నిలబెడతాడు, ఆల్బర్ట్‌ని మళ్లీ మళ్లీ గీస్తాడు. ఆర్చిబాల్డ్ గెలిచిన బొమ్మలో ఒకరు విన్సెంట్, రెండోవారు ఆడమ్ గుడ్స్. ఆస్ట్రేలియా ఆటగాళ్లంటే క్రికెటర్లే అనుకునే మనకి ఈయనెవరో చెప్పాలి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు. జాతి వివక్ష గురించి నోరు విప్పినందుకు స్టేడియాల్లో గోల చేసి ఏడిపిస్తే 2015లో ఆట మానేశాడు.

1956లో ఇదే ఆర్చిబాల్డ్‌ని విలియం డార్గీ అనే తెల్ల చిత్రకారుడు గెలిచింది ఆల్బర్ట్ పోర్ట్రెయిట్‌తోనే. 64 ఏళ్ల తర్వాత ముని మనవడు కుంచె తనే పట్టుకుని తన ముఖం తనే గీసుకుని అదే బహుమతి తీసుకున్నాడు. దీన్ని మించిన జవాబు ఏ కొండా చెప్పలేదని చాలామంది అంటారు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను.

విన్సెంట్ బొమ్మకి వార్తలు కావాలి, అదే దాని ఇబ్బంది. 2024లో గనుల యజమాని జీనా రైన్‌హార్ట్ విన్సెంట్ గీసిన తన బొమ్మని కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీ నుంచి తీసేయమని అడిగితే, గ్యాలరీ కాదంది, ఆ బొమ్మ వార్తల్లో ప్రపంచమంతా తిరిగింది. బలే సరదా పడ్డాం. కానీ ఆ ముఖాలెవరివో తెలియని రోజు వచ్చాక అందులో ఎంత మిగులుతుంది? ఇంకో సంగతి, ఈ దారిలో ఇంకొకరు నడవలేరు. అది విన్సెంట్ బతుకులోంచి వచ్చింది, ఆయనతోనే ఉంటుంది.

అందుకే నా ఓటు, కొద్ది తేడాతోనే, కొండలు గీసేవాళ్లకి. వాళ్ల చేతిలో ఉన్నది ఇంకొకరికి ఇవ్వగలిగే విద్య. ఎనభై ఏళ్లు దాటినా కుటుంబాల్లో చేతులు మారుతూ వచ్చింది. చూసే వరస మాత్రం తిరగెయ్యాలి. ముందు విన్సెంట్‌ని చూసి ఆల్బర్ట్ ఎవరో, ఆయనకేం జరిగిందో తెలుసుకుని, అప్పుడు కొండల దగ్గరికి వెళ్లాలి. అలా వెళ్తే క్యాలెండర్ గుర్తుకు రాదు.

సిడ్నీ, మెల్‌బోర్న్ తెలుగువాళ్లు చాలామంది సెలవులకి ఎడారిలోని ఎర్ర రాతి కొండ ఉలూరు చూడ్డానికి వెళ్తారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆగితే ఇల్జా న్జారాకి వెళ్లి, వేసినవాళ్ల పేరు అడిగి మరీ నీటిరంగుల బొమ్మ కొనండి. పేరు లేని ప్రింట్ల జోలికి వెళ్లకండి. ఆల్బర్ట్ కాపీరైట్‌ని 1983లో ఆయన ఆస్తి చూసే ప్రభుత్వ ట్రస్టీ ఒక పబ్లిషర్‌కి 8,500 డాలర్లకి అమ్మేస్తే, అది కుటుంబం ట్రస్టుకి తిరిగొచ్చింది 2017లో. అన్నేళ్లు ఆ కొండల ప్రింట్ల మీద సొమ్ము వేరేవాళ్లకి పోయింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో 1,000 డాలర్లు, ఆపైన ధరకి బొమ్మ మళ్లీ అమ్ముడైతే 5 శాతం చిత్రకారుడికో వారసులకో చెల్లించాలన్న చట్టం ఉంది. కాబట్టి రసీదు, కళాకారుడి పేరున్న సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.