మూడేళ్లలోపు బిడ్డకు ఏది మేలు: పాల్నా క్రెచ్, కంపెనీ క్రెచ్, ప్రైవేటు డేకేర్?

26 వారాల ప్రసవ సెలవు అయిపోయాక, బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా గడిచే కాలమే ఉద్యోగం చేసే తల్లికి కష్టం. అంగన్‌వాడీలో ఆ వయసు పిల్లలకు ఇంటికి సరుకులిస్తారు. వేడి భోజనం, పూర్వప్రాథమిక చదువు మూడేళ్లు నిండినవాళ్లకే.

ఈ లోటు తీర్చడానికి కేంద్రం 2022లో పాత జాతీయ క్రెచ్ (పగటిపూట పసిపిల్లలను చూసుకునే కేంద్రం) పథకాన్ని మహిళల కోసం నడిపే మిషన్ శక్తిలో కలిపి పాల్నాగా మార్చింది. ఈ క్రెచ్‌లలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలి. తక్కువ జీతాలవాళ్లకు ఇదే పెద్ద ఆసరా. అయితే చేర్చేముందు గంటలు లెక్క వేసుకోండి. విశాఖలో గాజువాక నుంచి దువ్వాడ సెజ్‌కి (ప్రత్యేక ఆర్థిక మండలి) వెళ్లే ఆమెకు షిఫ్టు 8 గంటలు, భోజనానికి అరగంట, రానుపోను ఇంకో గంట అనుకుంటే మొత్తం తొమ్మిదిన్నర. మిగిలిన రెండు గంటలకు మళ్లీ మనిషిని వెతుక్కోవాలి. మధ్యాహ్నం షిఫ్టయితే అసలు పొసగదు. సంస్కరణంటూ చేస్తే ముందు ఈ వేళలు పెంచాలి. క్రెచ్‌కు బదులు తల్లుల చేతికి డబ్బిచ్చినా, సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉండే చోటు దగ్గర్లో లేకపోతే ఆ డబ్బుతో ఏం చేస్తారు?

మీ సంస్థలో 50 మంది లేదా అంతకు మించి ఉంటే మొదట కంపెనీ క్రెచ్ అడగండి. మగవాళ్లూ ఆ లెక్కలోకి వస్తారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన ఈ హక్కు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. విరామంతో కలిపి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లనివ్వాలి. పాలిచ్చే తల్లికి ఇంతకు మించింది లేదు. హెచ్‌ఆర్‌కి నోటిమాటగా కాక మెయిల్‌లోనే రాయండి. జవాబు రాకపోతే ఆ మెయిల్ కాపీతో కార్మిక శాఖకు వెళ్లొచ్చు. నాలుగైదు సంస్థలు కలిసి ఒకే క్రెచ్ నడపడానికీ కోడ్ ఒప్పుకుంటుంది. సెజ్‌లోనూ రుషికొండ ఐటీ ఆఫీసుల్లోనూ ఇది బాగా పనికొస్తుంది. దూరంగా పెడితే మాత్రం ఆ నాలుగుసార్లూ కాగితం మీదే మిగులుతాయి.

ప్రైవేటు డేకేర్‌లో వేళలు కుదురుతాయి, భారమంతా మీదే. ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలు, ఆలస్యమైతే అరగంటకు ఎంత, జ్వరమొస్తే ఉంచుకుంటారా అన్నవి అడ్వాన్సు కట్టకముందే తేల్చుకోండి. డేకేర్ ఫీజుకు పన్ను మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఉండి, బిడ్డను ప్లేస్కూల్లో చేర్చినట్లయితే ట్యూషన్ ఫీజుకు మినహాయింపు (1961 ఆదాయ పన్ను చట్టంలో 80సీ) ఉంటుంది కనుక దానికి వేరే రసీదు రాయించుకోండి.