మూకీ సినిమాల గాజు స్లైడ్ల కోసం తిరుపతి, చిత్తూరు: మూడు రోజులు

తిరుపతి వెళ్ళింది దర్శనానికే, కానీ అదనంగా రెండు రోజులు ఉన్నది మాత్రం మూకీల కాలం నాటి సామాను వెతకడానికి. ఈ పని మీద వెళ్ళేవాళ్ళకు ముందే చెప్తున్నా, తిరుపతికి ఒక్క పూట చాలు, మిగతా టైమంతా చిత్తూరుకు ఉంచుకోండి.

బసకు బస్టాండ్ ఎదురుగా ఉన్న శ్రీనివాసంలో గానీ, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసంలో గానీ గది దొరికితే వదులుకోవద్దు. నాకు దొరకలేదు. దగ్గర్లోనే ఒక ప్రైవేటు లాడ్జీలో రోజుకు 1400 ఇచ్చి దిగాను. ఏసీలోంచి నీళ్ళు కారి సరిగ్గా నా పాత కాగితాల ఫైలు పెట్టిన బల్ల మీదే పడ్డాయి, రెండుసార్లు కిందికి వెళ్ళి చెప్పినా ఎవరూ రాలేదు, ఆ రాత్రంతా ఫైలు పక్కలో పెట్టుకుని పడుకున్నా. కాగితాలు వెంట ఉన్నవాళ్ళు ఫ్యాను గదే తీసుకోండి, తేమ అంత చేటు ఇంకోటి లేదు.

తిరుపతిలో ఒక పాత సామాన్ల కొట్టులో రేకు డబ్బా చూపించి "మూకీ రీలు సార్, సినిమా మొత్తం ఇందులోనే ఉంది, ఎనిమిది వేలు" అన్నాడు. గుండె ఝల్లుమంది. కానీ వెలుతురుకు పెట్టి చూస్తే బొమ్మ పక్కన సన్నటి గీత వంకరలు తిరుగుతూ పోతోంది. అది సౌండ్ ట్రాక్. మూకీ ఫిల్ములో బొమ్మ ఈ వైపు రంధ్రాల నుంచి ఆ వైపు రంధ్రాల దాకా నిండుగా ఉంటుంది. పైగా అది వెయ్యి అడుగుల డబ్బా. చేత్తో తిప్పిన రోజుల్లో సెకనుకు దాదాపు 16 బొమ్మలు, అంటే సెకనుకు ఒక అడుగు చొప్పున పోయేది, ఆ లెక్కన వెయ్యి అడుగులు పావుగంట మీద కాస్త. పెద్ద కథ అందులో పట్టే మాటే లేదు.

నిజంగా ఆ కాలపు 35 ఎం.ఎం. రీలే దొరికినా బ్యాగులో వేసుకుని రైలెక్కొద్దు. అది నైట్రేట్ ఫిల్ము, అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు, ఎందుకంటే మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోంచే వస్తుంది. అంచు మీద 'సేఫ్టీ' అని ఇంగ్లీషులో ఉందేమో చూడండి, అది లేకపోతే పెట్టిన చోటే ఉంచి తెలిసినవాళ్ళను పిలవండి.

మన దేశంలో 1300కు పైగా మూకీలు తీశారు, మిగిలినవి మాత్రం అతి తక్కువ. తెలుగు సినిమా పితామహుడు అనే రఘుపతి వెంకయ్యగారు 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు, వాళ్ళబ్బాయి ప్రకాష్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు, ఆ సినిమా ఈ రోజు చూద్దామన్నా లేదు. తలుచుకుంటే బాధగా ఉంటుంది. అందుకే నేను రీళ్ళ కంటే సినిమా నోటీసులు, హాల్లో తెర మీద ప్రకటనలు చూపించడానికి వాడిన గాజు స్లైడ్ల వెంట పడతాను.

చిత్తూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, మద్రాసులో అచ్చయిన నోటీసు ఇక్కడికి చేరడం పెద్ద కష్టమేమీ కాదు. నటుడు చిత్తూరు నాగయ్యగారు నాటకాలు వేసిన రామవిలాస సభ ఉన్న ఊరు కూడాను, ఇక్కడి పెద్దవాళ్ళకు నోటీసులు దాచుకునే అలవాటు ఉంది. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులు వస్తూనే ఉంటాయి, 70 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. దారిలో చంద్రగిరి కోట మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం పెట్టుకోకండి, సెలవు.

చిత్తూరులో దిగిన లాడ్జీ చిన్నదే, 700 రూపాయలు, వేడినీళ్ళు పొద్దున ఏడు దాకానే, కానీ గది పొడిగా ఉంది. లాడ్జీ ఆయనే తనకు తెలిసిన ఒక పాత ఫోటో స్టూడియోవాళ్ళ ఇంటికి దారి చెప్పాడు. ఆ ఇంటి పెద్దావిడ "ఏం నాయనా, ఈ గాజు పలకల కోసం ఒంగోలు నుంచి వచ్చినావా" అని నమ్మలేనట్టు చూసింది. నిజమే అవ్వా అన్నాను. గుడ్డలో చుట్టిన ఆరు స్లైడ్లు తెచ్చి ముందర పెట్టింది, మూడుంబావు అంగుళాల చదరం, అంచులకు నల్ల కాగితం అంటించి ఉంది. రెండింటి మీద తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింట్లోనూ 'నిశ్శబ్దముగా నుండుడు' అని రాసుంది. బొమ్మకు మాట లేకపోయినా హార్మోనియం మోగేది, పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ గొంతు వినపడాలంటే జనం ఊరుకోవాలి కదా! అవి టాకీలు వచ్చాక చేసినవి కూడా కావచ్చు, అయినా చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మాట రాలేదు.

నాలుగు 1200కు ఇచ్చింది, ఆ రెండూ అందులోనే ఉన్నాయి. తక్కిన రెండూ వాళ్ళాయన చేత్తో రాసినవట, ఇవ్వనంది, నేనూ మళ్ళీ అడగలేదు, ఫోటోలు తీసుకున్నా. ఒక్కోదాన్ని నూలు లుంగీ మడతల్లో నిలువుగా పెట్టి (పడుకోబెడితే బస్సు కుదుపులకు పగులుతాయి) స్టీలు క్యారియర్‌లో ఇంటికి తెచ్చాను, ఒక్కటీ బీటలివ్వలేదు. అటక మీద ఇంకో ట్రంకుపెట్టె ఉందట, దసరాకు కొడుకు వస్తే దింపిస్తానంది.