గోడౌన్‌కి పాత ర్యాక్‌లా, కొత్తవా?

ఒడిశాలో బరంపురం, రాయగడ వైపు గోడౌన్ పెట్టే మన వ్యాపారులు పాత ప్యాలెట్ ర్యాక్‌లు (సరుకు పేర్చిన పలకలను, అంటే ప్యాలెట్లను, ఒకదానిపై ఒకటి వరుసలుగా పెట్టే ఇనుప అరలు) కొనాలా, కొత్తవా అని తరచూ అడుగుతుంటారు.

ధర: పాతవి చవక, కొత్తవి ఖరీదు.
శ్రమ: పాతవాటికి ప్రతి స్తంభం, బీమ్ (ప్యాలెట్లు ఆనే అడ్డ కమ్మీ), లాక్ పిన్ను (బీమ్ ఊడకుండా పెట్టే పిన్ను) మనమే చూసుకోవాలి. కొత్తవైతే కంపెనీవాళ్లే బిగిస్తారు, లోడ్ బోర్డు (ఎంత బరువు పెట్టొచ్చో రాసిన బోర్డు) అడిగి పెట్టించుకోవాలి.

అసలు తేడా బరువు దగ్గరే. 50 కిలోల బియ్యం బస్తాలు 20 పెడితే ప్యాలెట్ ఒక టన్ను. వరుసకి రెండు ప్యాలెట్లు, బీమ్‌ల మీద మూడు వరుసలు అంటే ఒక బేకి (ర్యాక్‌లో ఒక గడికి) 6 టన్నులు. రెండు బేల మధ్య ఫ్రేమ్ (ముందూ వెనకా స్తంభాల జత) అటు బేలో సగం, ఇటు బేలో సగం మోస్తుంది కాబట్టి దాని మీదా 6 టన్నులే. “బీమ్ రెండు టన్నులు ఆగుతుంది” అని అమ్మేవాళ్లు అంటే అది జతకా, ఒక్కదానికా అడగండి. ఫ్రేమ్ లెక్క వేరు. కింది బీమ్‌ను పైకి జరిపితే ఫ్రేమ్ బలం తగ్గుతుంది. పాతదానికి తయారీదారు, మోడల్ తెలియకపోతే ఈ లెక్క దొరకదు.

రిస్క్: యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం స్తంభం బీమ్ వైపు మీటరుకి 5 మి.మీ., లోతు వైపు (ముందు నుంచి వెనక్కి) 3 మి.మీ. మించి వంగకూడదు. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పు కూడా చూడాలి. సుత్తితో సరిచేసి రంగేసినవి దయచేసి కొనకండి, వాటి కింద మనుషులు తిరుగుతారు.

తేలిక సరుకు, తక్కువ ఎత్తు, మోడల్ తెలిసిన ర్యాక్‌లైతే పాతవి చాలు. బియ్యం, సిమెంటు ఎత్తుగా పేర్చి ఫోర్క్‌లిఫ్ట్ తిప్పేవాళ్లు కొత్తవే తీసుకోవాలి.