పది వారాల పనివాళ్లు: ఒరెగాన్ విద్యార్థి పథకం నగరానికి గిట్టుబాటేనా?

అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం 2009లో మొదలుపెట్టిన సస్టైనబుల్ సిటీ ఇయర్ ప్రోగ్రామ్‌లో ఒక విద్యా సంవత్సరానికి ఒక ఊరిని ఎంచుకుంటారు. తొలి ఏడు గ్రెషమ్, తర్వాత సేలమ్, ఆపైన స్ప్రింగ్‌ఫీల్డ్. ఊరు తన పనుల జాబితా ఇస్తుంది, వాటిని అప్పటికే ఉన్న కోర్సుల్లోకి సర్దుతారు, విద్యార్థులు క్లాసు పనిగా చేస్తారు. ప్లానింగ్, ఆర్కిటెక్చర్ మాత్రమే కాదు, లా, జర్నలిజం క్లాసులు కూడా ఉంటాయి. డబ్బు నగరం కడుతుంది. కన్సల్టెంట్‌తో పోలిస్తే చవకే, కానీ అసలు ఖర్చు బిల్లులో కనిపించదు. అది నగర ఉద్యోగుల సమయం.

టర్మ్ పది వారాలే. విద్యార్థులు అడిగిన మ్యాపు నగరం వారం ఆలస్యంగా ఇస్తే పనిలో పదో వంతు పోయినట్టే. అందుకని స్టాపులవారీ ప్రయాణికుల లెక్కలు, జీఐఎస్ లేయర్లు (కంప్యూటర్ మ్యాపుల పొరలు), పాత ప్లాన్లు మొదటి క్లాసుకి ముందే చేతికందాలి. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్క ఉద్యోగే జవాబుదారీగా ఉండాలి. ముగ్గురిని పెడితే మూడు రకాల జవాబులొస్తాయి.

ఈ సేవ నిజంగా మెరిసేది ఫీల్డు పనిలో. బస్ స్టాపుల సర్వేనే తీసుకోండి. వీల్‌చెయిర్ ఎక్కించే గట్టి నేల అమెరికా నిబంధనల ప్రకారం రోడ్డు అంచు నుంచి లోపలికి 96 అంగుళాలు, రోడ్డు వెంబడి 60 అంగుళాలు ఉండాలి. ఫుట్‌పాత్ ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. ఇద్దరిద్దరి జట్టుకి టేపు, రెండడుగుల డిజిటల్ లెవెల్, ఫోను చాలు. వందల స్టాపుల దగ్గరకు వెళ్లి కొలిచే తీరిక ఏ నగర కార్యాలయానికి ఉంటుంది?

తప్పు ఎక్కువగా స్టాపుల గుర్తింపు నంబర్ల దగ్గర జరుగుతుంది. స్తంభం మీద ప్రయాణికులకు కనిపించే నంబరు స్టాప్ కోడ్. జీటీఎఫ్ఎస్ (బస్సు రూట్లు, వేళలు ఉండే ప్రామాణిక డేటా) ఫైల్లో వరుసలను కలిపేది స్టాప్ ఐడీ. రెండూ ఒకటే కావాలని లేదు. సర్వే షీటులో ఐడీ లేకపోతే కొలతలన్నీ డేటాబేసుకి అతకవు. ఆ ఫైళ్లలో అర్ధరాత్రి దాటాక నడిచే బస్సు వేళలు 25:10:00 లాగా ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ దాన్ని మర్నాటి 1:10గా మార్చి చూపించే ప్రమాదం ఉంది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గానే తెరవాలి.

ఇంకో పాత జబ్బు: స్టాపు చుట్టూ 400 మీటర్ల వృత్తం గీసి, లోపలున్న వాళ్లందరికీ బస్సు అందుబాటులో ఉందనడం. మధ్యలో రైలు పట్టాలో ఫ్రీవేయో ఉంటే ఎదుటి ఇల్లు కూడా కిలోమీటరు నడక. వీధుల వెంట దూరం లెక్కించమని పనిపత్రంలో ముందే రాయాలి.

పాదచారుల లెక్కలకు మంగళ, బుధ, గురువారాలు, 15 నిమిషాల విడతలు మేలు. శరదృతువు టర్మ్ సెప్టెంబర్ చివర మొదలవుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం అయిదింటికే చీకటి, పైగా వాన. ఆ లెక్కలు నడిచేవాళ్లను తక్కువ చూపుతాయి. అక్టోబర్ సగానికల్లా ముగించాలి. నవంబర్ చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల వారం లెక్కలు వాడకండి.

సిగ్నల్ టైమింగు, డ్రైనేజీ, ఖర్చు అంచనాలు విద్యార్థుల మీద పెట్టవద్దు. లైసెన్సున్న ఇంజనీరు ముద్ర పడని డ్రాయింగు నిర్మాణానికి పనికిరాదు. రంగుల బొమ్మలు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి, కౌన్సిల్ సభ్యులకు అవే నచ్చుతాయి. చిక్కంతా అక్కడే: మధ్యంతర సమీక్షకి వచ్చి "ఈ మలుపులో బస్సు తిరుగుతుందా?" అని నగర ఉద్యోగి ఎవరైనా అడగకపోతే, బస్సు తిరగలేని వీధి చివరి ప్రజెంటేషన్‌దాకా అందంగా వచ్చేస్తుంది.

టర్మ్ అయ్యాక ఒక విద్యార్థికి జీతమిచ్చి, క్లాసు పనంతటినీ ఒకే నివేదికగా కూర్పిస్తారు. ఈ పథకంలో మెచ్చుకోవాల్సిన ఏర్పాటు ఇదే. లేకుంటే ఇరవై స్లైడ్ షోలు మిగులుతాయి. అయితే నివేదికతో సరిపెట్టుకోకండి. సర్వే షీట్లు, ఫోటోలు, షేప్‌ఫైళ్లు (మ్యాపుల డేటా ఫైళ్లు) కూడా ఇవ్వాలని ఒప్పందంలోనే రాసుకుని, చివరి ప్రజెంటేషన్ రోజే కాపీ చేసుకోండి. పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన విద్యార్థి డ్రైవ్‌లో ఉన్న ఫైలు కోసం తర్వాత ఎవరిని అడుగుతారు?